వారం విడిచి వారం వెనక్కి పోయే బోగీ

ముందూ వెనకా చూసుకోకుండా పని చేసేవాళ్ళని మీరు చాలామందిని చూసే ఉంటారు. నేను రైలుబండికే ముందూ వెనకా చూసుకోని మనిషిని. అదీ ఒక్కసారి కాదు. వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా, వారం విడిచి వారం, ఒక పాసింజరు బండిని తలా తోకా తారుమారు చేసి నడిపించాను. అలా చేస్తున్నట్టు నాకే తెలియదు. తెలియకపోగా ఆ పనికే నాకు షీల్డు ఇచ్చారు. షీల్డంటే డాలు కదా. ఎవరి దెబ్బలు కాచుకోమని ఇచ్చారో నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. మా ఆవిడవి.

ఇప్పుడు మా కుర్చీల్లో కూర్చున్న కుర్రవాళ్ళూ, మీకు ఇది పనికొస్తుందని రాయడం లేదు. నా తెలివి మీకు ఎలాగూ పనికిరాదు. నా తెలివితక్కువతనం పనికిరావచ్చు.

విశాఖపట్నం నుంచి పొద్దున్నే ఊళ్ళ వైపు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే పాసింజరు బండ్ల నడక, భద్రత, ప్రయాణికుల బాగోగులు, ఈ మూడూ నా బాధ్యత. బాగోగుల్లో బాగు మా రిపోర్టుల్లో ఉండేది, ఓగు ప్రయాణికులకి దక్కేది. చుట్టాల దగ్గర మాత్రం "బండ్లు నడుపుతాను" అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి బండి నడిపేది డ్రైవరు. కదలమనేది గార్డు. ఆయన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ నా నోటికి గార్డే అలవాటు. ఆలస్యమైతే తిట్లు తినేది స్టేషను మాస్టరు. ఇవన్నీ పోగా మిగిలిన పని ఏదైనా ఉంటే అది నాది.

నేను చెప్పబోయే బండి పన్నెండు బోగీలది. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది. ఏ కొస ముందైనా ఆ బండికి పట్టింపు లేదు, ఎటు కావాలంటే అటు పరుగెత్తుతుంది. బోగీలోంచి బోగీలోకి దారి మాత్రం ఉండదు. ఎక్కినవాళ్ళు ఎక్కిన బోగీలోనే దిగాలి. ఒక కొసన ఉన్న బోగీ ఆడవాళ్ళది. అందులో ఊళ్ళకి పోయే టీచర్లు, నర్సులు, తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్లో వేలం పాడుకుని, ఐసు వేసిన టబ్బులతో ఊళ్ళలో చేపలమ్మడానికి పోయే ఆడవాళ్ళు ఎక్కేవారు. మా ఆవిడ కూడా ఆ బోగీయే. సింహాచలం కొండకి అవతల ఒక చిన్న హాల్టు ఉంది, అక్కడి హైస్కూల్లో లెక్కల టీచరు. సీతమ్మధారలో మా ఇంటి నుంచి ఇద్దరం కలిసే బయల్దేరేవాళ్ళం. ఆవిడ బండెక్కేది, నేను ఆఫీసు మెట్లెక్కేవాణ్ణి.

బండి మధ్యలో ఒక బోగీ ఉండేది. అది రైల్వేదని మా రికార్డుల్లో తప్ప ఎక్కడా లేదు. సీజను టికెట్ల ఉద్యోగులు దాన్ని ఎప్పుడో స్వాధీనం చేసుకున్నారు. గోడకి సింహాద్రి అప్పన్న ఫొటో అంటించి శనివారం శనివారం సంపెంగల దండ వేసేవారు. ఆ ఫొటో కింద తువ్వాలు పరిచి, దిగేదాకా పేకాట. వాళ్ళకొక సంఘం, సంఘానికొక అధ్యక్షుడు. కాలరు నుంచి కింది గుండీ దాకా ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా ఆయనది. ఆయన మాట్లాడుతుంటే మనం వింటున్నామా లేదా అని చూడరు. వింటున్నామనే ఆయన నమ్మకం.

ఇక నా ఘనకార్యం సంగతి. నగరం బయట మా లైన్లు త్రిభుజంలా కలుస్తాయి. ఒక మూల నగరం స్టేషను, ఒక మూల బండ్లు కడిగే షెడ్డు, మూడో మూల ఊళ్ళ వైపు దారి. శనివారం మాత్రం రాత్రి ఇంకోసారి వెళ్ళి మా బండి ఊళ్ళ వైపు చివరి స్టేషన్లో పడుకునేది. ఆదివారం ఖాళీగా నగరం స్టేషనుకి వచ్చి, అక్కడి నుంచి షెడ్డుకి వెళ్ళి, కడిగించుకుని, మళ్ళీ అదే దారిన నగరానికి వచ్చేది. నగరం యార్డులో దారి దొరక్క గంటల కొద్దీ నిలబడేది. నాకో మెరుపు మెరిసింది. ఊళ్ళ వైపు నుంచి తిన్నగా షెడ్డుకి పోయే లైనుంది కదా, నగరం ముఖం చూడకుండా అటు నుంచే పంపిస్తే? సాయంత్రం షెడ్డు నుంచి నగరానికి వస్తుంది, సోమవారం పొద్దున్న మామూలుగా బయల్దేరుతుంది. యార్డు ఖాళీ, టైము ఆదా.

అంతా బాగుంది. త్రిభుజం మూడు భుజాలూ చుట్టొచ్చిన బండి మొహం అటు తిరిగిపోతుందన్న ముక్క ఒక్కటే నాకు తట్టలేదు. ఆ వారం ఆడవాళ్ళ బోగీ వెనక్కి పోతుంది. తర్వాతి ఆదివారం మళ్ళీ చుట్టొస్తుంది కాబట్టి ముందుకొస్తుంది. ఆ పై వారం మళ్ళీ వెనక్కి. నా చేతిలో ఇంజనీరింగు పట్టా ఉంది. పట్టాల మీద ఏం జరుగుతుందో ఆ పట్టాకి తెలియలేదు.

మొదటి సోమవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అంది:

"ఏవండీ, మీ బండి ఇవాళ తిరగబడింది."

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. "ఎక్కడ? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"బోల్తా పడలేదు లెండి, కూర్చోండి. ముందుండే మా బోగీ వెనక్కెళ్ళిపోయింది. మా హాల్టులో ప్లాట్‌ఫారం పొట్టిది కదా, వెనక బోగీలు దానికి అందవు. దిగడానికి నానా అవస్థా పడ్డాం."

"రైలుబండి ఏమన్నా పట్టెమంచమా, అటు తిప్పి ఇటు వేసుకోడానికి? నువ్వు ఖంగారులో వెనకెక్కి ఉంటావు."

"నేనొక్కదాన్నే కాదు, బోగీ మొత్తం ఖంగారు పడిందంటారా?"

ఉదారంగా ఒక ఇన్‌స్పెక్టరుని పంపించి చూసి రమ్మన్నాను. ఆయన తీరిక చేసుకుని వెళ్ళేసరికి వారం మారింది. మహిళల బోగీ యథాస్థానమున ఉన్నది, ఫిర్యాదు నిరాధారము అని రిపోర్టు ఇచ్చాడు. దాన్ని నేను ఇంటికి తెచ్చి, అన్నం తింటూ గొంతెత్తి చదివాను. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. మర్చిపోయిందనుకున్నాను.

ఆ పై వారం మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఇన్‌స్పెక్టరు, మళ్ళీ యథాస్థానం. మూడోసారి తర్వాత చెప్పడం మానేసింది. సమస్య తీరిపోయిందనుకున్నాను. ఫిర్యాదు ఆగిపోతే సమస్య తీరినట్టే లెక్క వేయడం మా డిపార్టుమెంటులో నేర్చుకున్నదే, ఇంట్లో కూడా వాడేశాను. ఈ మధ్యలోనే షీల్డు వచ్చింది. హాల్లో టీవీ పక్కన పెట్టాను. మా ఆవిడ దాని మీద దుమ్ము ఒక్కరోజు తుడిచినట్టు గుర్తు లేదు.

ఒకరోజు అధ్యక్షుడు మా ఆఫీసుకి వచ్చారు.

"సార్, ఇది మరీ అన్యాయమండి. సేపల టబ్బులట్టుకుని ఆ ఆడోళ్ళు మా బోగీలో సొరబడిపోతన్నారు. ముక్కెయ్యాలంటే సేపల నీళ్ళు తువ్వాలు కిందకొచ్చేత్తన్నాయి. ఓ వారం బాగానే ఉంతారండి, ఓ వారం మా మీద పడిపోతారు. ఆళ్ళకో బోగీ ఇచ్చినారు గదండీ, అందులో ఎక్కమనండి."

ఓ వారం బాగుంటారు, ఓ వారం మీద పడతారు. ఇంతకంటే విడమర్చి దేవుడు కూడా చెప్పడు. వేట బాగా పడిన వారం టబ్బులెక్కువై పక్క బోగీల్లోకి వస్తున్నారు కాబోలని నేను అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకుని ఊరుకుంటే బాగుండును. నగరం స్టేషను మైకులో ఒక ప్రకటన పెట్టించాను. టబ్బులు, గంపలు గల మహిళా ప్రయాణికులు తమకు కేటాయించిన బోగీలోనే ప్రయాణించవలెను. వినకపోతే వినిపించడానికి ప్లాట్‌ఫారం మీద ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు. సంఘం వాళ్ళు సంతోషించి ఆ బోగీలోనే నాకు శాలువా కప్పి, ఒక అనాసపండు చేతిలో పెట్టారు. పండు తియ్యగానే ఉంది.

ఆ తర్వాతే అసలు గొడవ మొదలైంది. ఆ హాల్టులో నిమిషం ఆగాల్సిన బండి ఎంతకీ కదిలేది కాదు. వెనకొచ్చే బండ్లన్నీ ఆగిపోయేవి. టైముకి నడుపుతున్నాడని షీల్డు ఇచ్చిన మనిషి బండి మాటిమాటికీ ఆలస్యం. చేపల వాళ్ళు కావాలని నెమ్మదిగా దిగి నా మీద కసి తీర్చుకుంటున్నారని తేల్చేసి, కళ్ళారా పట్టుకుందామని ఒకరోజు నేనే బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. గార్డు గదిలో ఎక్కాను. గార్డు గదంటే వెనక కొసనున్న డ్రైవరు గదే, బండికి చిట్టచివర.

ఎక్కుతూ పక్కకి చూద్దును కదా, ఆడవాళ్ళ బోగీ నా పక్కనే ఉంది.

"ఇదేంటయ్యా, ఇది ముందుండాలి కదా?" అన్నాను గార్డుతో.

గార్డు నెమ్మదైన మనిషి, ఊరు చీపురుపల్లి వైపు. "ఈ వారం ఎనకాలేనండి. వొచ్చే వారం ముందుకెల్తాది. తమరే కదండి తిప్పిత్తన్నారు?"

"నేనా?"

"సక్రాలు ఒకేపు అరిగిపోకండా వారానికోసారి అటూ ఇటూ తిప్పుతన్నారని అనుకుంతన్నామండి మేమందరం. మంచి ఆలోసనేనండి."

అంత మంచి ఆలోచన నాకు జన్మలో రాదు. "ఆఁ, అదే, చక్రాలు" అని తలూపి కిటికీలోంచి బయటికి చూశాను. పట్టెమంచం గుర్తొచ్చింది. ఉప్పు లేని పప్పు గుర్తొచ్చింది.

హాల్టు వచ్చింది. మా బండి ఆగే వైపు ప్లాట్‌ఫారం ముందు బోగీలకే సరిపోతుంది. వెనక నాలుగు బోగీలూ గట్టు మీద ఆగుతాయి. గట్టు పక్క ఏటవాలు, కింద వాన నీళ్ళ కాలవ. అటు దిగితే జారి కాలవలోకే. రెండో వైపు సమంగా ఉంటుంది, కానీ అక్కడుండేది నగరానికి పోయే లైను. ఆ లైనుకి అవతల మోకాలెత్తు ప్లాట్‌ఫారం, బండి చివరి దాకా పొడుగ్గా, రా రమ్మని పిలుస్తూ ఉంటుంది.

మీరైతే ఎటు దిగుతారు? వాళ్ళూ అటే దిగారు.

నేను చూస్తుండగా ఒక పద్ధతి ప్రకారం జరిగిపోతోంది. గుమ్మంలో ఒకావిడ టబ్బు అందిస్తోంది, కిందున్నావిడ అందుకుని పట్టాల మధ్యనున్నావిడకి ఇస్తోంది, ఆవిడ అవతలి ప్లాట్‌ఫారం మీదున్న లావుపాటావిడకి అందిస్తోంది. కసి లేదు, కాకరకాయ లేదు, వీళ్ళు పడుతున్న పాటుకి పట్టే టైమే మా ఆలస్యమంతా. టబ్బులు అందుకుని అందిస్తూ పట్టాల మధ్య నిలబడ్డావిడ భుజానికి హ్యాండుబ్యాగు వేలాడుతోంది. ఆ బ్యాగు నేను కొన్నదే.

అప్పుడు హారను వినబడింది. మాది కాదు. వంపు తిరిగి, ఖనిజం నింపుకుని పోర్టుకి పోయే గూడ్సు వస్తోంది, ఆ లైను మీదే. దాని డ్రైవరు ఆగకుండా హారను కొడుతున్నాడు. అంత బరువున్న బండి ఆపుదామన్నా అక్కడికక్కడ ఆగదు.

నేను గార్డు గదిలోంచి దూకాను. దూకి "బండి! బండి!" అని అరిచాను. అక్కడ ఎటు చూసినా బండే. ఎవరికేం అర్థమవుతుంది? గుమ్మంలో ఉన్నావిడ చెయ్యి చాచి కిందున్నావిణ్ణి పైకి లాగేసింది. పట్టాల మధ్య ఉన్న మనిషి ఏమైందో చూసే లోపల గూడ్సు మా మధ్యకి వచ్చేసింది.

కుర్రవాళ్ళూ, గూడ్సు బండి ఎంత పొడుగుంటుందో మీకు తెలుసు, కాగితాల్లో రోజూ చూస్తారు. అది ఎంత పొడుగో నాకు ఆ రోజు తెలిసింది. గడగడలాడుతూ వాగను తర్వాత వాగను పోతోంది. వాగనుకీ వాగనుకీ మధ్య సందులోంచి అవతలి ప్లాట్‌ఫారం మీద చీరల రంగులు కనబడి మాయమవుతున్నాయి. ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, ఏదో పువ్వుల చీర. నేను మా ఆవిడ చీర కోసం వెతుకుతున్నాను. వెతుకుతుండగా తెలిసింది, పొద్దున్న కలిసి బయల్దేరిన మనిషి ఏ చీర కట్టుకుందో నాకు తెలియదని. ఎరుపు బతికుందని తెలుస్తోంది, ఆకుపచ్చ బతికుందని తెలుస్తోంది. అందులో నాది ఏదో తెలియడం లేదు. బండ్ల భద్రతకి బాధ్యుణ్ణి నేను. ఆ సందుల్లోంచి వచ్చే వెలుతురుకి కళ్ళు చికిలించుకుని, రంగులన్నిటికీ దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను.

చివరి వాగను వెళ్ళిపోయింది. పట్టాల మీద ఒక టబ్బు పచ్చడై ఉంది, చుట్టూ ఐసు ముక్కలు, వంజరాలు. అవతల ప్లాట్‌ఫారం మీద ఆ లావుపాటావిడ మా ఆవిడ జబ్బ గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకా వదల్లేదు. చీర పసుపు రంగు. సందుల్లో నాకు అది కనబడనే లేదు, ఇద్దరూ నేల మీద పడి ఉన్నారట.

లావుపాటావిడకి ముందు ఊపిరొచ్చింది, తర్వాత నోరొచ్చింది.

"ఓలమ్మో, ఓలమ్మో! ఎవుడే ఆ మైకులో సెప్పినోడు? మీ బోగీలో మీరెక్కండన్నాడు, ఎక్కినాం. దిగినకాడ సావుంతాదని సెప్పినాడేటి? ఆడు నాకు దొరకాలి, ఆణ్ణి ఈ సేపలతో పాటు ఐసులో ఎట్టెయ్యాలి!"

మా ఆవిడ చీర దులుపుకుంటూ, క్లాసులో జవాబు చెప్పినంత నెమ్మదిగా అంది, "ఆయన నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉంటారు. అదిగో, ఒక కాలికే బూటుతో నిలబడ్డారే, ఆయనే."

నేను కిందకి చూసుకున్నాను. నిజమే. రెండో బూటు గార్డు గది మెట్టుకి వేలాడుతోంది.

"నీ మొగుడా! ఇన్నాల్లూ మాతో కలిసి తిట్టినావు గదే టీచరమ్మా?"

"మీకు దూరం నుంచి తెలుసు, నాకు దగ్గర్నుంచి తెలుసు. అందుకే మీకంటే రెండెక్కువ తిట్టాను."

నేను పట్టాలు దాటి దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఇన్నేళ్ళ సర్వీసు నోరు కదా, "విచారణ జరిపిస్తాను" అని వచ్చింది.

"సేయించు బాబూ, సేయించు," అంది లావుపాటావిడ. "ముందు ఆ బతికున్న టబ్బు ఇలా అందుకో."

అందుకుని రోడ్డు దాకా మోశాను. ఐసు నీళ్ళు కాలరులోంచి నడుం దాకా దిగాయి. మా ఆవిడ స్కూలు వైపు వెళ్ళిపోయింది. వెళ్తూ వెనక్కి తిరిగి చూసిందనే అనుకుంటున్నాను. వంగి, గార్డు విసిరేసి వెళ్ళిన బూటు వేసుకుంటున్నాను, చూడలేకపోయాను.

ఆ రాత్రి సాంబారులోంచి ఒక ములక్కాడ ముక్క తీసి, మూడు గిన్నెలు త్రిభుజంలా పెట్టుకుని, లావు కొస తల, సన్నం కొస తోక అనుకుని తిప్పడం మొదలుపెట్టాను. ఊళ్ళ గిన్నె నుంచి షెడ్డు గిన్నెకి, షెడ్డు గిన్నె నుంచి నగరం గిన్నెకి. నగరం నుంచి ఊళ్ళకి బయల్దేరేసరికి సన్నం కొస ఉండాల్సిన చోట లావు కొస ఉంది. మళ్ళీ తిప్పాను. ఈసారి సరిగ్గా ఉంది. టేబులంతా పులుసు మరకలు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఇది ఎనిమిదో తరగతిలో చెప్తాం," అంది. నా కంచంలో పెరుగన్నం వేసింది. ఉప్పు సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే మైకు ప్రకటన ఆపించి మా పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆదివారం ఏర్పాటు రద్దు చేసి పాత దారికి తెద్దామన్నాను. నా పొరపాటేనని కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"హెడ్డాఫీసు మెచ్చుకుని షీల్డు ఇచ్చిన స్కీము తప్పని ఎలా రాస్తామయ్యా? ఇంకో రెండు చోట్ల కూడా పెడుతున్నారు. బండి ఎలా తిరిగినా నష్టం లేకుండా ఏదైనా ఉంటే చూడు. తిరగడం మాత్రం ఆపకు."

షీల్డు వెనక్కి ఇచ్చేస్తానన్నాను. దానికి రూలు లేదన్నారు.

తిరగడం ఆగనప్పుడు, తిరిగినా కదలనిది ఏదో ఒకటి ఉండాలి. రంగులరాట్నంలో నడిమి గుంజ ఉంటుంది కదా. బండికి మధ్య బోగీలు అలాంటివి. ముందు నుంచి లెక్కపెడితే ఆరు, వెనక నుంచి లెక్కపెడితే ఏడు. బండి ఎటు తిరిగినా ఆరోది ఏడోదవుతుంది, ఏడోది ఆరోదవుతుంది, రెండూ ప్లాట్‌ఫారం దాటి పోవు. ఆ రెంటిలో ఒకటి ఆడవాళ్ళకిచ్చేస్తే చాలు. కావలసింది ఒక డబ్బా పెయింటు.

వారం తిరగకుండా ప్రయాణికుల సంఘాలతో మీటింగు పెట్టాను. ఏ బోగీ అన్నది ఇంకా తేల్చలేదు. అధ్యక్షుడు ఎప్పట్లాగే ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను జరిగిందంతా చెప్పాను, గూడ్సు సంగతి కూడా.

"సార్, దీనికింత హడావుడెందుకండి?" అన్నారాయన. "సదువూ సంధ్యా లేని ఆడోళ్ళు రాంగు సైడు దిగితే రైల్వే ఏటి సేత్తాది? ఓ ఇద్దరు పోతే మిగిలినోళ్ళకి బుద్ధొత్తాది. దానికోసం బోగీలు మార్చేత్తే, రోజూ టైముకెళ్ళే మాలాంటోళ్ళ గతేటి?"

వెనక నుంచి ఒకరిద్దరు నవ్వారు కూడా. చదువూ సంధ్యా లేని ఆ ఆడవాళ్ళలో ఒకావిడ ఎమ్మెస్సీ, బీఎడ్ అని నేను చెప్పలేదు. చెబితే ఆవిడ ఒక్కదాన్నీ మినహాయిస్తారు. మినహాయింపు నాకు అక్కర్లేదు. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అన్నాను, చాలా మర్యాదగా. ఆ మర్యాద చూసి మా గుమాస్తా భయపడ్డాడు.

పెద్దసారు దగ్గర సంతకానికి పెడితే, "ఆరో, ఏడో, ఏదైతేనేం, నువ్వే వేసుకో," అని సంతకం పెట్టేశారు. ఏదైతేనేం అని పెద్దవాళ్ళు వదిలేసిన చోటే మనలాంటి చిన్న అధికారుల సామ్రాజ్యం ఉంటుంది. గుర్తు పెట్టుకోండి. రెంటిలో ఒక దాంట్లో అప్పన్న ఫొటో ఉంది. నేను కూడా భక్తుణ్ణే. సాక్షాత్తూ స్వామి ఉన్న బోగీ కంటే ఆడవాళ్ళకి రక్షణ ఎక్కడుంటుంది?

పెయింటరు ఆదివారం షెడ్డులో బండి చూసొచ్చాడు. "సాయంత్రం ఏసేత్తానండి, తెల్లారేసరికి ఎండిపోతాది," అన్నాడు.

"వద్దు. సోమవారం పొద్దున్న బండి ప్లాట్‌ఫారం మీదికొచ్చాక వెయ్యి. గుమ్మాల పక్కన, మనిషి వీపంత ఎత్తులో. పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు."

"ఎండదు కదండి?"

"ఎండకపోతే ఎండకపోనీ."

సోమవారం నేను పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాను. మా ఆవిడా, చేపల వాళ్ళూ, నర్సులూ అప్పటికే లోపల సర్దుకున్నారు. లావుపాటావిడ కిటికీ పక్కన సీటు పట్టింది. సంఘం సభ్యులు తువ్వాలు, పేక పట్టుకుని వచ్చి, లోపల చూసి, పక్క బోగీల్లోకి చెదిరిపోయారు. ఆఖరున అధ్యక్షుడు వచ్చారు. బండి కదిలేదాకా లోపలికి వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. బోగీకి వీపు ఆనించి, కాలు మీద కాలు వేసి నిలబడి, వచ్చేపోయేవాళ్ళ నమస్కారాలు అందుకుంటారు. ఆ రోజూ అలాగే ఆనుకున్నారు. నేను గబగబా వెళ్ళి చెయ్యి కలిపాను. ఆరోగ్యం అడిగాను. పిల్లల చదువులు అడిగాను. వాళ్ళ ఆఫీసులో ప్రమోషన్ల సంగతి అడిగాను. ఆయన చెబుతూనే ఉన్నారు. కొంచెం ముందుకి వంగినప్పుడల్లా, "అయ్యో, సుఖంగా నిలబడండి" అని భుజం మీద చెయ్యి వేసి వెనక్కి ఆనించాను.

సిగ్నలు పడింది. ఆయన ఎక్కబోయారు.

"ఇది లేడీసు బాబూ," అంది లావుపాటావిడ కిటికీలోంచి. "సూసుకోనేదేటి? ఎనక్కెల్లు."

ఆయన నన్ను చూశారు, బోగీని చూశారు, గార్డు పచ్చజెండా చూశారు. తెల్లబోయి, వాదించే టైము లేక, వెనక బోగీల వైపు నడక అందుకున్నారు. ప్లాట్‌ఫారం పొడుగునా, అందరి ముందు నుంచీ. ఇస్త్రీ చొక్కా వీపు మీద ఎర్రగా, తిరగబడ్డ అక్షరాలతో, "స్త్రీలు" అని అచ్చు పడి ఉంది. తిరగబడ్డా దాన్ని చదవలేనివాళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్కరూ లేరు. కిటికీల్లోంచి ఆడవాళ్ళు చదివారు, టీ కొట్టువాడు చదివాడు, పోర్టర్లు ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. ఆయన మాత్రం జనం తనకేసి అంత శ్రద్ధగా చూస్తున్నందుకు ఛాతీ కాస్త ముందుకి పెట్టి, అటూ ఇటూ తల పంకిస్తూ, నమస్కారాలు అందుకుంటూ వెళ్ళి చివరి బోగీ ఎక్కారు.